తూర్పు ముఖంగా ముందు వరస

ముప్పై రెండేళ్ళు సముద్రం గురించి పాఠం చెప్పాను. సముద్రం ఎన్నడూ చూడని అనంతపురం పిల్లలకు, దాన్ని రెండుసార్లు మాత్రమే చూసిన టీచరమ్మ చెప్పిన పాఠం. 'సముద్ర మట్టం పెరిగితే తీరంలోని పరిశ్రమలకు, గ్రామాలకు కలిగే నష్టాలేవి?' అని ఏటా ఒక ప్రశ్న ఇచ్చేదాన్ని. నాలుగు మార్కులు. నాలుగు పాయింట్లు రాసినవాడికి నాలుగూ వేసి పంపేదాన్ని. రిటైరయ్యి ఇంట్లో కూర్చున్నాక ఆ ప్రశ్న నన్నే వేధించడం మొదలుపెట్టింది. నేను మార్కులు వేసిన జవాబు నిజమో కాదో నేనెప్పుడూ చూసి ఎరగను. అందుకని ఈ కార్తీకమాసంలో ఒక చేతిసంచీ, ఒక గొడుగు పట్టుకుని కోనసీమకు బయలుదేరాను.

ఒక్కదాన్నే వెళ్ళాను. నేను పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో రాయాలంటే వేరే పుస్తకం కావాలి, దాన్ని కొనేవాళ్ళుండరు. మా వైపు ఒంటరి ఆడమనిషి కనిపిస్తే జనం చూసీ చూడనట్టు పోతారు. గోదావరి వైపు అలా కాదు, దగ్గరికొచ్చి మరీ అడుగుతారు. ఆ నాలుగు రోజుల్లో నన్నడిగిన ప్రశ్నల్లో సగం ఒకటే: "ఒక్కరే వచ్చేరాండీ?"

లేని మనిషి వాటా

రాజమండ్రి నుంచి వచ్చే బస్సు రావులపాలెం వంతెన ఎక్కగానే కిటికీ అద్దం పక్కకు తోసి నోరు తెరుచుకుని చూశాను. ట్యాంకరు వచ్చే రోజున బిందెలు వరసలో పెట్టి, వరస తప్పితే జుట్టూ జుట్టూ పట్టుకునే వీధిలో బతికినదాన్ని. ఇక్కడ అంత నీరు ఎవరికీ పట్టనట్టు పోతోంది. నిజం చెప్పొద్దూ, అసూయ కలిగింది. అందులో సగం మా జిల్లాకు మళ్ళిస్తే వీళ్ళ సొమ్మేం పోయిందని కూడా అనుకున్నాను.

రావులపాలెంలో ఒక పెద్దావిడ అరటిపళ్ళ సంచీతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఏ ఊరని అడిగింది. చెప్పాను.

"అమ్మో, అనంతపురవే! ఒక్కరే వచ్చేరాండీ?"

మావారు ముందే వచ్చి అమలాపురంలో లాడ్జిలో ఉన్నారని చెప్పేశాను. అబద్ధాలాడే అలవాటు నాకు లేదు. ఇది మాత్రం దానంతట అదే నోట్లోంచి వచ్చింది. ఆవిడ తృప్తిగా తలూపి, నాలుగు పళ్ళు తుంచి నా ఒళ్ళో పెట్టింది.

"రెండు మీరు తినండి, రెండు ఆయనగారికివ్వండి. చక్కెరకేళీలండి, మీ వైపు దొరకవు."

కొత్తపేటలో ఆవిడ దిగిపోయింది. లేని మొగుడి వాటా కూడా నేనే తిన్నాను. పళ్ళు తియ్యగానే ఉన్నాయి కానీ అమలాపురం వచ్చేదాకా మనసులో ఏదో దిగులు. కాలవ గట్ల మీద ఇళ్ళు, ఇంటింటికీ నీళ్ళలోకి దిగే మెట్లు, మెట్ల మీద కబుర్లు చెప్పుకుంటూ గిన్నెలు తోముకునే ఆడవాళ్ళు. అంత పచ్చదనంలో నాతో "అదిగో చూడు" అనేవాళ్ళు లేరు, నేను అనడానికి మనిషి లేదు.

అమలాపురం భోజనం

లాడ్జి గుమాస్తా కూడా అదే అడిగాడు. మిగతావాళ్ళు రేపు వస్తారన్నాను. రెండో అబద్ధం మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

భోజనం హోటల్లో నూట ఇరవై రూపాయలకు అరటాకు నిండా వడ్డించారు. కంద బచ్చలి కూర ఆవ పెట్టి చేశారు, అది మాత్రం అమృతమే. పులుసు నోట్లో పెట్టుకుంటే పాయసం. పచ్చట్లో బెల్లం. మా సీమలో కారం తగ్గితే వండినావిడకు జ్వరమొచ్చిందేమో అనుకుంటాం. వడ్డించే ఆయన నా మొహం చూసి వచ్చాడు.

"కూర నచ్చలేదాండి?"

"పులుసు తియ్యగా ఉంది."

"ఆయ్. తియ్యగా ఉంటేనే కదండీ పులుసు" అని ఇంకో గరిటె పోసి వెళ్ళాడు. ఏ దేశంలో ఉంటే ఆ దేశపు పులుసు తినాలి. తిన్నాను.

అంబాజీపేటలో చేతి తూకం

మర్నాడు పొద్దున అంబాజీపేట వెళ్ళాను. రోడ్డుకు అటూ ఇటూ కొబ్బరికాయల గుట్టలు, వేరే రాష్ట్రాలకు పోయే లారీలు. బోండం ముప్పై రూపాయలన్నారు, మా ఊళ్ళో యాభై. తాగి, ఒక గోడౌను ముందు నిలబడ్డాను. నడివయసు మనిషొకాయన నేలలో పాతిన ఇనుప గునపం మీద కాయను గుచ్చి, మూడు తిప్పుల్లో పీచు ఒలిచి పారేస్తున్నాడు. ఒలిచిన కాయల్ని రెండు గుట్టలుగా వేస్తున్నాడు. ఎందుకని అడిగాను.

"అది ఊళ్ళో కాయండి. ఇది సముద్రం పక్క కాయ."

ఎలా తెలుసన్నాను. ఆయన నవ్వి, నన్నే నాలుగు కాయలు ఏరి ఇమ్మన్నాడు. కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే చేత్తో ఎత్తి చూసి వేరు చేశాడు. ఒప్పో తప్పో నాకేం తెలుస్తుంది? కానీ ఆయన సముద్రం పక్కవన్న రెండూ నిజంగానే చిన్నవి, తేలికవి.

"ఉప్పు తాగిన చెట్టండి. కాయ చిక్కిపోద్ది, పీచు మొండికేస్తాది. వెనకటికి ఆ తోటలనించి లారీలొచ్చేవండి. ఇప్పుడు ఆటోలో వస్తన్నాయి."

ఏ ఊరని అడిగితే చెప్పాడు. ముమ్మిడివరం వెళ్ళి అక్కణ్ణించి ఆటో ఎక్కమన్నాడు. నేను చూడాలనుకున్నది అదేనని అప్పుడే తెలిసిపోయింది.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దని వాళ్ళే అడిగారు. "మునిగిపోయే ఊరని పేపర్లో పడితే మా మగపిల్లలకి పిల్లనెవరిస్తారండీ?" అన్నారు. న్యాయమైన మాట.

ఎండలో వరద

ముమ్మిడివరంలో ఎక్కిన షేరాటోలో నా పక్కన ఒకావిడ కూర్చుంది. అరవై దాటి ఉంటాయి. తెల్ల చీర, మగవాళ్ళ చేతిగడియారం, ఒళ్ళో కాగితంలో చుట్టిన కొత్త బట్ట. రోడ్డుకు రెండు వైపులా రొయ్యల చెరువులు, చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు. దూరంగా గ్యాసు ప్లాంటు గొట్టం మీద పట్టపగలే మంట.

ఉన్నట్టుండి ఆటో ఆగింది. ముందు రోడ్డు లేదు. నిర్మలమైన ఆకాశం, నడినెత్తిన ఎండ, చినుకన్నది లేదు, అయినా కనుచూపు మేర నీళ్ళు. మా ముందు ప్లాంటు వాళ్ళ బస్సు ఆగి ఉంది, అందులో హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళే మనుషులు. దాని ముందు నల్లరాళ్ళ లారీ ఒకటి.

"పోటండి. పౌర్ణమి దగ్గరికొచ్చింది కదా. రెండు గంటలాగితే తీసేస్తాది" అన్నాడు ఆటో అతను, బీడీ ముట్టించుకుంటూ. మా వైపు రైలు గేటు పడితే ఎంత తాపీగా చెబుతారో అంత తాపీగా.

పక్కావిడ ఆగలేదు. బట్ట పొట్లం నెత్తిన పెట్టుకుని, చీర ఎత్తి దోపుకుని నీళ్ళలోకి దిగింది. నాకెందుకో ఆవిడ వెనకే వెళ్ళాలనిపించింది.

"చెప్పులు చేత్తో పట్టుకోండి. కుడివైపే రండి. ఎడంవైపు రోడ్డు లేదండీ, కోసుకుపోయింది" అంది వెనక్కి చూడకుండానే.

కుడి ఎడమలు ముప్పై రెండేళ్ళు పిల్లలకు నేర్పిన దాన్ని, నీళ్ళలో పెట్టిన నాలుగో అడుగే ఎడమవైపు వేశాను. గోతిలో నడుం దాకా దిగిపోయాను. గొడుగు కొట్టుకుపోయింది, సంచీ తడిసింది. నోట్లోకి పోయిన నీళ్ళు ఉప్పగా, చేదుగా ఉన్నాయి. ఆవిడ రెక్క పట్టుకుని పైకి లాగి, నన్ను తన ఇంటికే తీసుకుపోయింది. కట్టుకోవడానికి తన చీర ఇచ్చింది.

ఆవిడ పేరు కరుణమ్మ. రిటైరైన నర్సు. ముప్పై అయిదేళ్ళు ఆ చుట్టుపక్కల పాకల్లో, పడవల్లో కూడా కాన్పులు చేసింది. భర్త జయరాజు మాస్టారు ఆ ఊరి బడిలోనే పనిచేసి, తొమ్మిదేళ్ళ కిందట పోయారు. పిల్లలు లేరు.

"ఒక్కరే వచ్చేరాండీ?" అని ఆవిడా అడిగింది.

"ఒక్కదాన్నే. నాకెవరూ లేరు" అన్నాను. ఆవిడ చీర కట్టుకుని ఆవిడకే అబద్ధం చెప్పలేకపోయాను.

ఆవిడ జాలిపడలేదు. "అయితే తొందరేవుంది, ఉండండి నాలుగ్రోజులు" అని గోంగూర, ఎండు రొయ్యలు వేసి కూర వండింది. మంచినీళ్ళు మాత్రం డబ్బాలోంచి గ్లాసుకు సగమే పోసింది. నుయ్యి ఉప్పెక్కిపోయి చాలా కాలమైందట, మంచినీళ్ళు ట్యాంకరులో వస్తాయట. వీధి చివర బిందెలు వరసలో పెట్టి ఉన్నాయి. వంతెన మీద పడ్డ అసూయంతా ఆ బిందెలు చూశాక పోయింది. పుట్టి బుద్ధెరిగి అంత దూరంలో మా వీధి కనిపిస్తుందని అనుకోలేదు.

ముందు వరస

సాయంత్రం కరుణమ్మగారు నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళింది. అక్కడ వాళ్ళ సమాధుల తోట ఉంది. ఉంది అనడం కన్నా మిగిలింది అనాలి. మొన్ననే సమాధుల పండగ అయింది. మిగిలిన వాటికి తెల్లగా సున్నం వేసి ఉంది, అంచుల మీద కరిగిన కొవ్వొత్తుల మైనం. చాలాచోట్ల సమాధి బదులు తవ్వి పూడ్చిన గోతులు.

"మా వాళ్ళని తల పడమటికి, కాళ్ళు తూర్పుకి పెట్టి పాతుతామండి. ఆఖరి రోజున ప్రభువు తూర్పునించి వస్తాడు, పోయినవాళ్ళందర్నీ లేపుతాడు. లేచి నిలబడగానే ఎదురుగా కనపడాలి కదా."

అందుకని ఆ ఊళ్ళో ముందు వరసంటే గౌరవం. ముందు వరసకూ సముద్రానికీ మధ్య ఎవరూ అడ్డుండరు. మొదటి పాస్టర్లను, మొదటి పంతుళ్ళను అక్కడే పెట్టారు. జయరాజు మాస్టారు పోయేనాటికి ఆ వరసలో ఒక్క చోటే మిగిలిందట. దాన్ని ఒక సంఘపెద్ద తన తండ్రి కోసం ఉంచుకున్నాడు. మాస్టారి తమ్ముడి వాళ్ళు కూడా వెనక వరస చాలన్నారు.

"నేనొప్పుకోలేదండీ. శవాన్ని ఐసులో పెట్టి రెండ్రోజులు పోట్లాడేను. మీ అందరికీ అక్షరాలు దిద్దించింది ఆయన, మీ పిల్లల్ని బయటికి లాగింది నేను, ముందు వరస మాది కాక ఎవరిదన్నాను. ఇచ్చేరు. అప్పట్నించీ మరిది వాళ్ళు మా గడప తొక్కలేదు."

అప్పుడు సముద్రం అక్కణ్ణించి కనిపించేది కాదట. మధ్యలో సరుగుడు తోట, ఇసకమేట, వలలు ఆరేసుకునే మైదానం ఉండేవి. ఇప్పుడు ముందు వరసలో నాలుగే ఉన్నాయి. మిగతావి సముద్రంలోకి పోయాయి. పేదవాళ్ళవి వెనక వరసలు. మట్టి దిబ్బ, కర్ర శిలువ, అంతే. సంఘం కొత్త చోటు చూడగానే వాళ్ళు గంటలో తవ్వి తమవాళ్ళ ఎముకలు బట్టలో కట్టుకుని తీసుకుపోయారు. కరుణమ్మగారికి మాత్రం కుదరలేదు. మాస్టారి సమాధి మీద జానెడు మందం కాంక్రీటు ఉంది.

ఎల్లుండి కార్తీక పౌర్ణమి. ఆ పోటుకు ఈ నాలుగూ ఉండవని ఊరంతా చెబుతోంది. ఆవిడ కాగితంలో చుట్టి తెచ్చిన కొత్త బట్ట మాస్టారి ఎముకల కోసం. రేపు సాయంత్రంలోగా ఆయన్ని బయటికి తియ్యాలి.

ఒడ్డున నిలబడి చూస్తే ఉత్తరాన గ్యాసు ప్లాంటు. దాని ముందు తీరమంతా నల్లరాళ్ళ గోడ. ప్లాంటు హద్దు దగ్గర గోడ ఆగిపోయింది, సరిగ్గా అక్కణ్ణించి ఒడ్డు కొడవలిలా లోపలికి వంగి ఊరిని తినేసింది. నాలో టీచరమ్మ ఊరుకోలేదు. గోడకు తగిలిన కెరటం దాని చివర నుంచి పక్కకు తిరిగి మెత్తటి ఒడ్డును ఎలా కోస్తుందో, చెప్పులతో ఇసకలో గీసి వివరించాను. మా వెనక నిలబడ్డ తాపీ మేస్త్రీ ఒకతను ఓపిగ్గా విన్నాడు.

"ఆయ్. ఆ గోడ కట్టింది మేవేనండి" అన్నాడు. "చివరి రాయి దింపిన రోజునే తెలిసిపోయింది మాకు, ఇక ఊరి మీద పడుద్దని. కూలి దొరికింది, కట్టేం."

గీసిన బొమ్మను కాలితో చెరిపేశాను. తాతకు దగ్గులు నేర్పినట్టయింది.

అతని పేరు వీర్రాజు. మాస్టారి సమాధి కట్టిందీ అతనే. పుట్టినప్పుడు అతన్ని చేతుల్లోకి తీసుకుంది కరుణమ్మగారే. ఆ గోడ కూడా ఏటా కిందకి దిగుతోందని, ఏటా లారీల్లో కొత్త రాళ్ళు తెచ్చి పైన పేరుస్తారని చెప్పాడు. గ్యాసు తోడేకొద్దీ నేలే కుంగుతోందని ఊళ్ళో కొందరంటారు, కాదని ప్లాంటువాళ్ళంటారట. నేల దిగుతోందా, నీరు లేస్తోందా అని నన్నడిగారు. నాకు తెలియదన్నాను. బళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు.

సమ్మెట

మర్నాడు పొద్దున్నే వీర్రాజు మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని సమ్మెటలతో వచ్చాడు. కరుణమ్మగారు పక్కనే ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. సమ్మెట పడ్డచోట నిప్పురవ్వలు లేచాయి. ఆవగింజంత పెచ్చు కూడా ఊడలేదు. ముగ్గురూ మార్చి మార్చి కొట్టారు. ఎండెక్కింది, చొక్కాలు తడిసిపోయాయి. ఒక మూల కాస్త పగిలితే లోపల ఇనుప చువ్వలు, వేలు దూరనంత దగ్గర దగ్గరగా.

"ఏం పాళ్ళు కలిపేవురా వీర్రాజూ?" అంది కరుణమ్మగారు.

"ప్లాంటు గోడ పునాదికి ఏ పాళ్ళో అవేనండి. ఎవరూ కదపకూడదన్నారు కదండీ తమరు."

"అన్నాను."

ఆ సంఘపెద్ద వాళ్ళు ఎప్పటికైనా మాస్టారిని వెనక్కి జరుపుతారేమోనని భయపడి, ఆవిడ తన పదవీ విరమణ డబ్బులో చాలా భాగం పోసి కట్టించుకుందట. మనుషులకు భయపడి కట్టుకున్నది మనుషులను నిజంగానే ఆపింది.

ముమ్మిడివరం నుంచి కాంక్రీటు పగలగొట్టే మిషను ట్రాక్టరు మీద బయలుదేరిందన్నారు. పోటు వచ్చి రోడ్డు మునిగింది. ట్రాక్టరు వెనక్కి పోయింది. ఆ కబురు విన్నాక వీర్రాజు సమ్మెట పక్కన పడేసి ఇసకలో కూలబడ్డాడు.

"నా చేతి పని ఇంత గట్టిదని నాకే తెలవదండి" అన్నాడు. గర్వపడాలో ఏడవాలో తెలియని మొహం అతనిది.

కరుణమ్మగారు పీట మీంచి మెల్లగా లేచి సముద్రం వైపు దిగి, కెరటాలు కోసేసిన గట్టు కింద వంగి చూసింది. సమాధి పునాది ఆ వైపు బయటపడి గాలిలో వేలాడుతోంది.

"నీళ్ళు ఆటుపట్టేక ఇటునించి తవ్వండి. కాళ్ళ వైపునించి" అంది.

చూడ్డానికి వచ్చిన పాస్టరుగారు కుర్రవాడు, కంగారుపడ్డాడు. "పైన స్లాబు కూలితే లోపలున్నవాడు పోతాడమ్మా. ప్రమాదవండీ."

"సరుగుడు కర్రలు ఊతగా పోట్లు పెట్టండి. కాళ్ళు ముందొచ్చిన బిడ్డల్ని ఎంతమందిని తియ్యలేదు నేను? తల ముందొస్తే సులువే. కాళ్ళొస్తే తొందరపడకూడదు, అంతే."

ఆటు

మధ్యాహ్నం దాటాక నీళ్ళు వెనక్కి తగ్గాయి. పునాది కింద ఆరు సరుగుడు కర్రలు నిలబెట్టారు. వీర్రాజు బోర్లా పడుకుని, తాపీతో ఇసక లాగుతూ నడుం దాకా లోపలికి దూరాడు. బట్టను నాలుగు చెంగులా అయినవాళ్ళు పట్టుకోవాలి. మరిది వాళ్ళు గట్టు మీద దూరంగా నిలబడి చూస్తున్నారు, దిగి రాలేదు. కరుణమ్మగారు, పాస్టరుగారు, వీర్రాజుతో వచ్చిన వాళ్ళలో ఒకతను. నాలుగో చెంగుకు ఆవిడ నన్ను పిలిచింది.

"నేను మీవాళ్ళను కాదు, మీ మతం కూడా కాదు" అన్నాను.

"బట్ట పట్టుకోడానికి చేతులుంటే చాలండీ."

పట్టుకున్నాను. వీర్రాజు అందించే ఒక్కొక్క ఎముకనూ ఆవిడ తన చెంగు నడుముకు దోపుకుని రెండు చేతులతో తీసుకుని, ఇసక తుడిచి, బట్ట మీద దాని చోట దాన్ని పెట్టింది. నర్సు కదా, ఏది ఏదో ఆవిడకు తెలుసు. "తొడ ఎముక, కుడిది." "ఇది నడుం." "ఇది కుడి చెయ్యి, సుద్దముక్క పట్టిన చెయ్యి." ఆఖరున తల ఇచ్చాడు. ఆవిడ దాన్ని బుగ్గకు ఆనించుకుంది, ఏడవలేదు. బట్ట మీద మనిషి ఆకారం ఏర్పడింది, మోకాళ్ళ కిందుగా కొంచెం వరకు. ఆ కింద బట్ట తెల్లగా ఖాళీగా ఉంది.

"పాదాలేవిరా?"

"లేవండి. ఇసకే తగులుతోంది."

"మళ్ళీ చూడు."

వీర్రాజు మళ్ళీ చేతులతో తడిమాడు. మోకాలి కింది ఎముకలు కూడా సగం నుంచి లేవు. సముద్రం తూర్పు నుంచి వచ్చింది, కాళ్ళ వైపు నుంచే మొదలుపెట్టింది. అప్పటికే కెరటాలు మా చీలమండలకు తగులుతున్నాయి. కర్ర ఒకటి కిర్రుమంది.

"ఇంకోసారి చూస్తానండి" అన్నాడు లోపలినించి.

"వద్దు. బయటికి రా. నువ్వు రా ముందు" అని ఆవిడ బట్ట చెంగు వదలకుండానే రెండో చేత్తో అతని కాలు పట్టుకుని లాగింది. అతను బయటపడిన కాసేపటికి కర్రలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగాయి, స్లాబు ముక్కు ముందుకు దించింది. అప్పుడు కూడా పగల్లేదు.

మెరక

కొత్త తోట ఊరికి పడమట ఉంది. ఎవరో వదిలేసిన రొయ్యల చెరువును పూడ్చి, మట్టి పోసి మెరక చేశారు. చుట్టూ ఇంకా ఉప్పు తెల్లగా మెరుస్తోంది. అక్కడ కూడా తలలు పడమటికే, కాళ్ళు తూర్పుకే. పొద్దు వాలకముందే చిన్న గొయ్యి తవ్వి మాస్టారిని దించారు. పాట పాడారు. నాకు పాట రాదు, చేతులు కట్టుకుని నిలబడ్డాను. మరిది వాళ్ళు అక్కడికి వచ్చారు, తలా గుప్పెడు మట్టి వేసి పక్కకు తప్పుకున్నారు.

ప్రార్థన అయ్యాక కరుణమ్మగారు పాస్టరును అడిగింది.

"ఆ రోజు లేచినప్పుడు ఈయన ఎలా నిలబడతారండీ? పాదాల్లేవు కదా."

"దేవుడు అన్నీ సరిచేస్తాడమ్మా."

"చేస్తాడు లెండి. ఆయనకి బోలెడు పనులుంటాయి ఆ రోజు. ఈ పక్క చోటు నాకుంచండి. నేను ముందు లేచి చెయ్యిచ్చి పట్టుకుంటాను."

నాకు ఏడుపొచ్చింది. మాస్టారి కోసం కాదు, ఆయన్ని నేను చూడను కూడా లేదు. నన్ను లేపడానికి పక్కన ఎవరుంటారు, ఎవరి కోసం నేను ముందు లేవాలి అనిపించింది. ఈ వయసులో అలాంటి ఆలోచన వస్తుందనుకోలేదు. పమిట కొంగు నోట్లో కుక్కుకుని గట్టు వైపు తిరిగాను. వీపు మీద చెయ్యి పడింది. కరుణమ్మగారు. మళ్ళీ వెళ్ళి గొయ్యి పక్కన నిలబడింది.

వీర్రాజు జేబులోంచి టేపు తీశాడు. పక్క చోటుకు హద్దు రాళ్ళు పాతాలి. ఆవిడ నిటారుగా నిలబడితే, మడమ నుంచి తల దాకా కొలిచాడు. తర్వాత కాస్త నసిగాడు.

"పైన ఏవెయ్యమంటారండి మాస్టారికి? స్లాబు..."

"ఏవొద్దురా, మట్టి చాలు" అంది కరుణమ్మగారు. "సముద్రం ఇక్కడికీ వస్తాది. అప్పటికి నేనూ ఇందులోనే ఉంటాను. ఈసారి ఇద్దర్నీ మొయ్యాలి కదా, మీకు తేలిగ్గా ఉండాలి."

వీర్రాజు టేపు చుట్టుకున్నాడు. "ఆయ్" అన్నాడు.